సెల్వి నైటీస్, రెండో పేజీ

నా దగ్గరకు వచ్చే వ్యాపారులందరిదీ ఒకటే పాట. వెబ్‌సైట్ పెట్టించాం, గూగుల్‌లో ఎంత వెతికినా కనబడదు, ఏదో ఒకటి చేసి పైకి తీసుకురామ్మా, అని. సైట్లను పైకి తేవడమే నా పని కాబట్టి నేనూ పెద్ద డాక్టర్‌లా తలాడించి, చూద్దాం లెండి అంటాను. మొదటి స్థానంలోనే ఉన్నాను, అయినా లాభం లేదు అంటూ వచ్చిన మనిషి మాత్రం ఇన్నేళ్లలో సెల్వి అక్క ఒక్కతే.

మా రాజపాళయం పక్కన సత్రపట్టిలో ఆమెకు నైటీలు కుట్టే చిన్న కంపెనీ ఉంది. బోర్డు మీద సెల్వి నైటీస్ అని ఉంది. అందుకే కొత్తగా వచ్చేవాళ్లంతా ఆమెను సెల్వి అక్క అంటారు. నేనూ అలాగే పిలిచాను. ఆమె పలికింది.

కుర్చీలో కూర్చుంటూనే ఫోన్ తీసి, 'రాజపాళయం నైటీ' అని తమిళంలో కొట్టి నా ముందు పెట్టింది. అన్నిటికంటే పైన సెల్వి నైటీస్.

"రెండేండ్లుగా ఈడనే ఉండాదమ్మా. దినం చూస్తాను. కిందికి దిగిందే లేదు."

"మరింకేం కావాలక్కా? దీని పైన ఆకాశమే."

ఆమె నవ్వలేదు. "తిరుప్పూర్‌లో ఉండేవాళ్లకు గూడ ఇట్లనే ఫస్ట్ వస్తాదా?"

"అక్కడ మీకు కొనేవాళ్లు ఉన్నారా?"

"కొనేదానికి కాదు. చూసేదానికి."

చూసేదానికి ఎవరైనా వెబ్‌సైట్ పెడతారా అని నాకు చిరాకేసింది. అయినా పని ఒప్పుకున్నాను, వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేంత గొప్పదాన్ని కాను.

ఆమె వెళ్లాక నా కంప్యూటర్‌లో, నేనెవరో దానికి తెలియకుండా ఉండే కిటికీ తెరిచి, అదే మాట వెతికాను. మొదటి పేజీలో సెల్వి నైటీస్ లేదు. రెండులో లేదు, మూడులో లేదు. ఐదో పేజీలో, ఎప్పుడో మూతబడిన కంపెనీల మధ్య కనబడింది. తిరుప్పూర్ నుంచి వెతికితే ఎలా ఉంటుందో చూశాను. అక్కడ ఇంకా కింద ఉంది.

సంగతేమిటంటే, ఫోన్‌కు మన మనసు తెలుసు. దినం దేనికోసం వెతుకుతామో, దేన్ని తెరుస్తామో కనిపెట్టి, మర్నాడు దాన్నే ముందు పెడుతుంది. మనం ఏ ఊళ్లో నిలబడి వెతుకుతున్నామో కూడా చూసుకుంటుంది. పాపం అక్క రెండేళ్లుగా తన సైట్‌ను తానే వెతుక్కుని, తానే తెరుచుకుని, తన ఒక్క ఫోన్‌లో మొదటి స్థానం సంపాదించుకుంది. ఆ సైట్ చేసిన మహానుభావుడు ఈ ముక్క ఆమెకు చెప్పనేలేదు. వాడెవడో దొరికితే కడిగి పారేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

సైట్ తెరిస్తే ఆ కోపం రెట్టింపైంది. నైటీల ఫోటోల కంటే పైన, పెద్ద పెద్ద తమిళ అక్షరాల్లో ఏదో రాసి ఉంది. నేను మదనపల్లె నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. తమిళం మాట్లాడతాను గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. ఆ వాక్యాన్ని అనువాదం చేసే యంత్రంలో వేశాను. అది ఏ భాషో తేల్చుకోలేక అర్థంపర్థం లేని ముక్కలు చేతిలో పెట్టింది. తమిళంలో రాయాల్సినవన్నీ మా ఆయన నందకుమార్ చూసిపెడతాడు. ఆయన్ని పిలిచి చదవమన్నాను.

ఆయన పైకి చదివాడు. "సెల్వీ, ఆ పొద్దు నేను అట్ల అనింది తప్పు. నీకు కోపం పోయుంటే రా. నీ సుగంధి."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అది తమిళం కాదు. ఈ ఊళ్లో వందల ఏళ్లుగా ఇళ్లలో మాట్లాడుకునే తెలుగు. వీళ్లలో చాలామందికి తెలుగు మాటే గానీ అక్షరం రాదు. అందుకని తమిళ అక్షరాల్లో రాసింది. తమిళులకు అర్థం కాదు, తెలుగువాళ్లు చదవలేరు, యంత్రానికి ఏ దారీ లేదు.

"సుగంధి ఎవరు?" అన్నాను.

"ఆ నైటీల ఆమే. నువ్వే ఆమెను సెల్వి అంటుండావు," అన్నాడు నందకుమార్.

మర్నాడు పొద్దున్నే సత్రపట్టి వెళ్లాను. ఐదారు మిషన్లు టకటకలాడుతున్నాయి. సుగంధి అక్క ఒక మూల బల్ల మీద గుడ్డ పరిచి నైటీల మెడలు కత్తిరిస్తోంది. నేనేమీ దాచకుండా ఆ వాక్యం చదివించుకున్నానని చెప్పాను. ఆమె కత్తెర పక్కన పెట్టి, నన్ను వాకిట్లోకి తీసుకుపోయింది.

సెల్వి, ఆమె ఒకే వీధిలో పుట్టారు. ఒకే మిల్లులో ఒకే షిఫ్టులో చేరారు. ఇద్దరూ కలిసి మానేసి, కలిసి మిషన్లు కొన్నారు. సెల్వి కత్తిరించి కుట్టేది, సుగంధి అంగళ్లు తిరిగి ఆర్డర్లు తెచ్చేది. అప్పుడు కంపెనీకి పేరే లేదు. ఒకసారి మెడలు ఇరుకయ్యాయని ఒక వ్యాపారి సరుకంతా వెనక్కి పంపి, వాకిట్లో నిలబడి నానా మాటలు అని పోయాడు. ఆ కోపం సుగంధి సెల్వి మీద చూపించింది, కుట్టేవాళ్లందరి ముందర.

"నువ్వు లేకపోయినా ఈ కంపెనీ నడుస్తాది అంటిని. అంతే అనింది. ఇంకేమీ అనలేదు. అది లేచి చెయ్యి కడుక్కొని పోయింది. ఆ వారమే తిరుప్పూర్‌కు పోయినాది. నంబర్ మార్చేసింది."

"తిరుప్పూర్ ఎంత దూరమక్కా? బస్సెక్కి పోకూడదా?"

"పోలేదనుకుంటివా? రెండుసార్లు పోయినాను. బనియన్ కంపెనీలో ఉందని ఎవురో సెప్పినారు. ఆడ ఎన్ని కంపెనీలు, ఎన్ని గేట్లు. షిఫ్టు విడిచినప్పుడు ఆడోళ్లు వందలుగా వస్తారు. ముఖం ముఖం చూసుకుంటా నిలబడితిని. దొరకలేదు. ఆ తరవాత కంపెనీకి దాని పేరు పెట్టినాను. నడిచింది చూడు. నేనన్న మాటే నిజమైపోయింది. అదే నన్ను తినేస్తా ఉండాది."

గుడ్డల పనిలో ఉన్నవాళ్లంతా ఫోన్‌లో ఏ ఊళ్లో ఏ సరుకుందో చూస్తారని ఎవరో చెప్పారట. సెల్వి కూడా రాజపాళయం నైటీల కోసం ఒక్కసారైనా వెతక్కపోదు, తన పేరు చూసి తెరవకపోదు అని సుగంధి అక్క సైట్ పెట్టించింది. తన ఫోన్‌లో పైనే కనబడుతోంది కాబట్టి తిరుప్పూర్‌లోనూ కనబడుతుందనుకుంది. రెండేళ్లు గడిచాయి. నా దగ్గరకు వచ్చేముందు మాత్రం, పోనీ ఆ ఊళ్లో కిందికి జారిందేమో అని చిన్న అనుమానం పుట్టిందట.

ఇక చెప్పక తప్పదు. డాక్టర్ చెడ్డ కబురు చెప్పే గొంతుతో చెప్పాను. "అక్కా, అది మీ ఫోన్‌లోనే మొదట ఉంది. బయట ఐదో పేజీలో ఉంది. తిరుప్పూర్‌లో ఇంకా కింద. అంత దూరం ఎవరూ వెతకరు."

తిడుతుందనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అంటే సెల్వి చూళ్లేదా?"

"చూసే దారే లేదక్కా."

"ఒక్కసారి గూడ?"

"చూసి ఉండదు."

ఆమె గోడకు ఆనుకుని కూలబడింది. నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. "చూసింది, చదివింది, వద్దనుకున్నిందని అనుకుంటిని. దినం పొద్దున లేచి ఆ పేరు చూసి, సెల్వి గూడ ఇది చూసిందే, అయినా రాలేదే అని ఏడుస్తా ఉంటిని. చూడనే లేదా?"

లోపలికి కేక వేసి అందరికీ టీ, వడలు తెప్పించింది. ఐదో పేజీలో ఉన్నావంటే పండగ చేసుకున్న మనిషిని నేను ఎక్కడా చూడలేదు. నా కళ్లు కూడా తడిశాయి. ఎలాగైనా సరే, ఈ సైట్‌ను తిరుప్పూర్‌లో మొదటి పేజీకి ఎక్కిస్తానని మనసులో పంతం పట్టాను.

పని మొదలుపెట్టాను. తెరుచుకోవడానికి యుగం పట్టే ఫోటోలను తేలిక చేశాను. ప్రతి రకం నైటీకీ విడిగా పేజీ పెట్టి, గుడ్డ ఏదో, కొలతలేవో, ఉతికితే రంగు పోతుందో లేదో, కొనేవాళ్లు అడిగే మాటల్లోనే నందకుమార్ చేత రాయించాను. మ్యాప్‌లో కంపెనీ వేరే వీధిలో ఉంటే సరిచేశాను. కొన్నవాళ్లకు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు గూగుల్‌లో నాలుగు మాటలు రాయమని బతిమాలాను. ఆ వాక్యం దగ్గరే మా ఇద్దరికీ యుద్ధమైంది.

"అది పైన ఉంటే ఈ పేజీ దేని గురించో మెషీన్‌కు అర్థం కాదక్కా."

"మెషీన్ కోసం రాసింది కాదు గదమ్మా."

చివరికి మొదటి ఫోటో కిందికి జరపడానికి ఒప్పుకుంది, అక్షరాలు చిన్నవి చేస్తే మాత్రం ఊరుకోనంది.

నెలలు పట్టింది. ఐదు నాలుగైంది, నాలుగు మూడైంది. కోయంబత్తూర్ నుంచి, మధురై నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. ఒకరోజు చూస్తే తిరుప్పూర్‌లో రెండో పేజీ, అందులోనూ పైవరసలు. నేను ఎగిరి గంతేసి ఫోన్ చేశాను. "ఇంకొక్క నెల అక్కా, మొదటి పేజీకి వచ్చేస్తాం."

ఆమె "సరి," అని పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం మంసాపురం మామిడిపళ్ల సంచీతో మా ఇంటికి వచ్చింది. పళ్లు బల్ల మీద పెట్టి, నిలబడే అంది, "ఇంక చాలమ్మా. ఈడనే నిలబెట్టేయి."

"నిలబెట్టడానికి ఇదేమైనా బస్సా అక్కా?"

"రెండో పక్కంలోనే ఉండనీ." పక్కం అంటే వీళ్ల మాటలో పేజీ.

నాకు ఒళ్లు మండింది. ఇన్ని నెలల చాకిరీ అంతా ఏమైనట్టు? గట్టిగానే అన్నాను. "మీరు అడిగిందేగా నేను చేసింది? ఇప్పుడు వద్దంటే ఎలా?"

ఆమె నిదానంగా చెప్పింది. "ఇప్పుడు సెల్వి చూళ్లేదు. అందుకే రాలేదు. ఇది నాకు బాగుండాది, నిద్ర పడతాది. రేపు మొదటి పక్కంలో వస్తే అది చూస్తాది. చూసినాక గూడ రాకపోతే, అప్పుడు నాకేముంటాదమ్మా?"

కుర్చీ లాగి కూర్చోబెట్టి, సరే అక్కా, ఆపేస్తాను అని మాటిచ్చాను. ఆపేశాను కూడా. ఆ రోజు నుంచి ఆ సైట్ మీద చెయ్యి వేయలేదు.

కానీ ఒకసారి కదిలిన సైట్ నా మాట వింటుందా? ఆర్డర్లు వచ్చేకొద్దీ జనం తెరుస్తున్నారు, తెరిచేకొద్దీ అది పైకి పోతోంది. మా పైన ఉన్న కంపెనీ ఒకటి సైట్ మూసేసింది. వర్షాలు పడేనాటికి తిరుప్పూర్‌లో మొదటి పేజీకి వచ్చింది. దీపావళి నాటికి అన్నిటికంటే పైన నిలిచింది. ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరు రాజపాళయం నైటీ అని వెతికినా మొదట కనబడేది సెల్వి పేరే. తెరిస్తే మొదటి ఫోటో కింద ఆ వాక్యమే.

సుగంధి అక్కకు ఇది తెలియదు. ఆమె ఫోన్‌లో అది ఎప్పుడూ మొదటిదే కదా, తేడా ఎలా తెలుస్తుంది? తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తిరుప్పూర్ నుంచి ఎంతమంది తెరిచారో రోజూ చూస్తాను. చాలామందే తెరుస్తున్నారు. వాళ్లలో సెల్వి ఉందా అని నా ప్రాణం కొట్టుకుంటుంది. నేను ముఖమైనా చూడని ఆ మనిషి మీద నాకు ఎక్కడలేని బెంగ పట్టుకుంది. ఆమె దగ్గర్నుంచి ఇంతవరకూ ఏ కబురూ లేదు.

వారానికోసారి సుగంధి అక్క ఫోన్ చేస్తుంది. నిన్నా చేసింది.

"ఇంకా రెండో పక్కమేనా?"

"రెండో పేజీయే అక్కా."

"రెండో పక్కానికే ఇన్ని ఆర్డర్లు వస్తుండాయా?"

"ఓపికగా అక్కడిదాకా వెతికేవాళ్లూ ఉంటారు కదక్కా."

ఆమె హాయిగా నవ్వింది. "సెల్వికి అంత ఓపిక యాడిది? సిన్నప్పట్నుంచీ లేదు. అది చూసుండదులే."

"చూసి ఉండదక్కా," అన్నాను.