ఎడమచేతి ముడి

శనివారం పొద్దున మా పడవ ముందు కొసకు నిమ్మకాయ వేలాడుతోంది. దాని కింద పసుపు పూత, వేపాకులు. వేటకు వెళ్ళేవాళ్ళు గంగమ్మకు చేసే మొక్కు అది. ఊళ్ళో అందరి పడవలకూ ఉంటుంది. మా పడవకే ఉండదు. నాన్న మా చిన్న చర్చికి సంఘపెద్ద. మొక్కు చేసినవాళ్ళు ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో రొట్టె తీసుకోడానికి, రాకూడదని కట్టడి పెట్టింది ఆయనే.

"ఏటి సూరయ్య మావా, మాలో కలిసిపోనావేటి?" అని పక్క పడవ లక్ష్ముడు నవ్వాడు.

నాన్న ముఖం నల్లబడింది. "నానేటి కడతాను! మా దాలమ్మ పనే ఇది. దానికింకా పాత బుద్ధులు పోనేదు."

దాలమ్మత్త నాన్న చెల్లెలు. మావయ్య పోయాక మా ఇంట్లోనే ఉంటోంది. "నాను కట్టినానా, అన్నా?" అంది. నాన్న వల మడతపెట్టసాగాడు. అత్త చేపల గంప ఎత్తుకుని నౌపడ దారి పట్టింది.

నిమ్మకాయ తీసే పని నాన్న నాకు చెప్పాడు. వల దారంతో కట్టారు. ముడి ఊడిరాక, దాని పక్కన దారం కత్తితో కోశాను. నాన్నది ఎడమచేతి వాటం. వలలకు ఆయన వేసే ముడి అందరి ముడికీ తిరగేసి ఉంటుంది. ఇదీ అలాగే ఉంది. అత్త కూడా ఆయన దగ్గరే నేర్చుకుందేమో అనుకుని, దారం మాత్రం దాచాను.

మధ్యాహ్నం బట్టలుతుకుతుంటే, సబ్బు తగలగానే నాన్న తువ్వాలు అంచు ఎర్రబడింది. పసుపు. కూర మరకే అయ్యుంటుంది. మరి మడతలో వేపాకు ముక్క ఎక్కడిది?

పోయిన నెల పెనుగాలికి పడవ తలకిందులైంది. నాన్న ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు. అప్పట్నుంచి సముద్రం హోరు పెరిగితే చేతిలో ముద్ద ఆగిపోతుంది. భయమని మాత్రం అనడు. సంఘంలో ఎవరు భయపడ్డా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది ఆయనే. ఆయన ఎవరికి చెప్పుకుంటాడు?

ఆదివారం బల్ల ఆరాధన. పాస్టరుగారు అత్తను వెనక చాపమీద కూర్చోమన్నారు.

"ఒప్పుకోమ్మా, అందరితోపాటు బల్లకు వద్దువుగాని."

"సెయ్యనిది ఎలాగొప్పుకుంతాను బాబూ?"

నాన్న కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. ప్రార్థనో, నటనో తెలియలేదు.

తర్వాత రొట్టె పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళ వరుసలోకి వచ్చాడు. నలుగురిలో నాకు నోరు పెగలదు. లేచి వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను. ఆయన నా వెనకే వచ్చాడు.

"ఏటే ఇది? తీసుకో."

గుప్పిట విప్పాను. "ఈ ముడి నాకు రాట్నేదు నాన్నా. నువ్విప్పు."

నాన్న దారం తీసుకుని జేబులో వేసుకున్నాడు. నోరు తెరిచాడు. అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. నోరు మూసుకుని, పళ్ళెం తీసుకెళ్ళి బల్లమీద పెట్టేశాడు. తన ముక్క తీసుకోలేదు. అత్త పేరూ ఎత్తలేదు.

నేను ఏడుస్తుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఊరుకోయే. ఆడి ముడి నాకు తెల్దేటి? నిన్ననే సూసినాను. ఆడే సెప్తాడేమోనని సూస్తన్నాను."