ముస్తాబైన దిమ్మలు

"ఒరేయ్, పాప వాళ్ల బళ్లో పైన కొత్త గదులు వేశారుగా. ఆ శ్లాబు గట్టిదేనా?"

అన్నం కలుపుతున్న మా అబ్బాయి నవ్వాడు. "నీకు ఆకాశం మీదైనా నమ్మకం ఉందా అమ్మా? పరీక్ష చేసింది నేనేగా. బ్రహ్మాండంగా ఉంది."

వాడి ఉద్యోగం అదే. శ్లాబు పోసేటప్పుడు, కలిపిన కాంక్రీటులోంచే కాస్త తీసి ఇనప అచ్చుల్లో నింపుతారు. ఆ దిమ్మలు ల్యాబుకొస్తే, ఎంత బరువుకి నలుగుతాయో వాడు మిషన్లో పెట్టి చూస్తాడు. దిమ్మ గట్టిదైతే శ్లాబూ గట్టిదే. ఆ మాత్రం నాకూ తెలుసు. అయినా నా గుణం ఎక్కడికి పోతుంది? గాలికి తలుపు కొట్టుకున్నా ఎవరికో ఏదో అయిందనుకుంటాను.

మర్నాడు వాడు క్యారియరు మర్చిపోతే పట్టుకెళ్లాను. ల్యాబు గుమ్మంలో కాంట్రాక్టరుగారి డ్రైవరు దిమ్మలు దించుతున్నాడు. నున్నగా, ఒక్క అంచూ చెదరకుండా ఉన్నాయి.

"ఎంత ముచ్చటగా ఉన్నాయి బాబూ! ఏ బిల్డింగువి?"

"ఆసుపత్రివి పిన్నీ. అయినా ఏదైతేనేం? మా షెడ్డులో సిమెంటు దండిగా వేసి విడిగా పోస్తాం. ఫొటోకి ముస్తాబైనవన్నమాట!"

"మరి శ్లాబు?"

"దాన్నెవరు ఫొటో తీస్తారు?" పకపకా నవ్వాడు.

"కొత్తగా కట్టిన బడికీ... ఇంతేనా?"

"బడికీ, వంతెనకీ, పోలీసు క్వార్టర్లకీ. అందులో ఉండే పోలీసులే అడగలేదు, నువ్వడుగుతున్నావు!"

క్యారియరు అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేశాను.

సాయంత్రం అబ్బాయి చెప్పులు విప్పకముందే అడిగాను. "నీకు తెలుసా?"

"తెలియందెవరికమ్మా? వచ్చిన దిమ్మ గురించే నన్ను రాయమంటారు. అది గట్టిదే. శ్లాబుకే చిల్లుపెట్టి, ముక్క తీసి చూద్దామన్నాడు మా సీనియరు. ఆయన మీద దొంగతనం కేసు పెట్టారు. ఆయన పెట్టుకున్న లాయరు కూడా కాంట్రాక్టరు వైపే తిరిగిపోయాడు."

"పేపరు వాళ్లకి చెప్పరా."

"పేపరాఫీసు కడుతున్నదీ ఆ కాంట్రాక్టరే."

లోపల పాప పాఠం వల్లె వేస్తోంది. పైగదిలో కిటికీ పక్కన చోటు దొరికిందని పొద్దున ఎంత మురిసిపోయిందో.

"ఆ గది నిండా పిల్లలేరా. నా మొహం చూసి చెప్పు. ఆ శ్లాబు నిలుస్తుందా?"

వాడు చూపు నేలకి దించాడు. మంచినీళ్లు తెచ్చిన కోడలు మా మొహాలు చూసి గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. ఎప్పుడూ నా భయాలకి నవ్వేవాడు, ఇప్పుడూ నవ్వితే బాగుండునని చూస్తున్నాను. పొయ్యి మీద కూర మాడుతోంది. ఎవరమూ కదల్లేదు.

వాడు నేలకేసి చూస్తూనే, "రేపు పాపకి జ్వరమని బళ్లో చెప్పండి" అన్నాడు.