మధ్యల దూరినోడు

నేను ఒక స్విచ్చును. గోడ మీద దీపం వెలిగించి ఆర్పే స్విచ్చును కాను. అరచేతి కన్నా కాస్త పెద్దదైన ఇనుప పెట్టెను. ముందువైపు ఎనిమిది రంధ్రాలు, ఒక్కొక్క దాని పక్కన ఒక చిన్న ఆకుపచ్చ దీపం. ఇంట్లోని కంప్యూటర్ల వైర్లు నాలోకి వస్తాయి. ఒకరి మాట ఇంకొకరికి అందించడం నా పని. ఆ మాట నిజమా అబద్ధమా అని నేను అడగను.

ఏ దేశంలో పుట్టానో నాకు తెలియదు. నా మూత బిగించిన అమ్మాయి వేళ్లకు కట్లు ఉన్నాయని మాత్రం గుర్తు. మొదట గోదావరిఖనిలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చాను. పిల్లల హాల్ టికెట్ డౌన్‌లోడ్ కాకపోతే సెంటర్ యజమాని నా నెత్తిన చరిచేవాడు. ఒక్కోసారి ఆ వెంటనే హాల్ టికెట్ వచ్చేది కూడా. దాంతో దెబ్బకు పని జరుగుతుందని అతనికి గట్టి నమ్మకం కుదిరింది. మనుషుల నమ్మకాలు చాలావరకు ఇలాగే పుడతాయి. సెంటర్ మూతపడ్డాక పాత సామాన్లలో దుమ్ము పట్టి ఉన్న నన్ను రవళి కొనుక్కుంది.

రవళి భర్త ఓదెలు బొగ్గుబాయిలో పని చేస్తాడు. వాళ్లు కార్మికుల క్వార్టర్లలో ఉంటారు. ఎక్కడో డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు విని టైపు చేయడం రవళి నేర్చుకుంటున్న పని. శిక్షణ ముగిసింది, ఆఖరి పరీక్ష మిగిలింది. లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒకసారి తల్లితో వీడియో కాల్‌లో గుసగుసగా అంది: "ఈ పరీక్ష ఒక్కటి పాసైతే హైదరాబాద్‌ల నౌకరి, ఉండతందుకు హాస్టల్. ఇగ ఈ ఇంట్ల ఉండనే అమ్మా. మొన్న కొట్టిన దెబ్బకు పన్ను కదిలింది." ఆ మాట నా గుండానే పోయింది. తల్లి ఏడుపు నా గుండానే తిరిగి వచ్చింది.

అడ్రస్ సంగతి చెప్పాలి. కంప్యూటర్ నిద్ర లేవగానే తానెవరో దానికి తెలియదు. "నాకో అడ్రస్ ఇవ్వండి" అని అందరినీ ఉద్దేశించి అరుస్తుంది. ఇంటర్నెట్ వాళ్లు పెట్టిన పెద్ద పెట్టె "ఇదిగో, ఇది నీది. బయటికి పోవాలంటే నా మీదుగా పో" అని జవాబిస్తుంది. ఎవరు ముందు పలికితే వాళ్లనే కంప్యూటర్ నమ్ముతుంది. పసిపిల్లలూ అంతే. మొదట ఏ పేరుతో పిలిస్తే జీవితమంతా ఆ పేరుకే తల తిప్పుతారు.

పరీక్షకు ముందురోజు ఓదెలు గుమ్మం పైన కెమెరా బిగించాడు. బాయిలోంచి పైకి రాగానే ఫోన్లో ఇల్లు చూసుకోవాలని అతని కోరిక. సిగ్నల్ గుమ్మం దాకా అందడం లేదని స్నేహితుడి దగ్గర ఒక పాత రౌటర్ తెచ్చి, దాని వైరును నాలో గుచ్చాడు. ఆ రౌటర్‌కు నాలుగు పసుపు రంధ్రాలు, విడిగా ఒక నీలం రంధ్రం. వైరు పెట్టవలసింది నీలం దానిలో. కానీ ఒంటరిగా ఉన్నదాన్ని ఓదెలు ఎప్పుడూ అనుమానిస్తాడు. పసుపు దానిలో పెట్టాడు. దాంతో అతని రౌటర్ కూడా ఇంట్లో అడ్రస్‌లు పంచే పెద్దరికం తీసుకుంది. బయటికి దారి తెలియని పెద్దరికం.

మర్నాడు పొద్దున కరెంటు పోయి వచ్చింది. అన్నీ ఒక్కసారే లేచి అడ్రస్ కోసం అరిచాయి. ఇంటర్నెట్ పెట్టె బద్ధకంగా లేస్తుంది. ఓదెలు రౌటర్ ముందే లేచి, కంప్యూటర్‌కూ కెమెరాకూ తానే అడ్రస్ ఇచ్చేసింది. రెండూ ఇంట్లోనే చిక్కుకుపోయాయి. రవళి తెర మీద పరీక్ష పేజీ తెరుచుకోలేదు. రాత్రి షిఫ్టు దిగిన ఓదెలు ఫోన్లో ఇల్లు కనబడలేదు.

రవళి ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అటువైపు కుర్రాడు చలాకీగా మాట్లాడుతున్నాడు. ఆమె తెర మీద చూసి చదివిన అడ్రస్ అంకెలు విని నవ్వాడు.

"అడ్రస్ ఇచ్చింది మావాడు కాదు మేడం. ఇంకెవడో మధ్యల దూరిండు."

"మరేం జెయ్యాలె? పరీక్ష టైమైతుంది."

"వాణ్ని పీకి అవతల పారెయ్యుండ్రి. వాడున్నంతసేపు మీరు బయటికి పోలేరు."

ఓదెలు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు.

"ఎవడే వాడు?" అన్నాడు.

"కంపెనీ ఆయన. నెట్టు వస్తలేదని..."

"అడ్రస్ ఎవడిచ్చిండే నీకు? నన్ను పీకి పారేస్తడా? కెమెరా అందుకే బంద్ చేసినవా?"

"నేను ముట్టలే. ఆయన చెప్పేది డబ్బా గురించి!"

"డబ్బాను వాడు అంటరానే?"

ఫోన్ గోడకు తగిలి పగిలింది. తర్వాత ఆమె తల అదే గోడకు తగిలింది. జుట్టు పట్టుకుని మళ్లీ కొట్టాడు. కనుబొమ చిట్లి రక్తం కీబోర్డు మీద పడింది. ఆమె అతని చెయ్యి కొరికింది. అతను ఆమె మణికట్టు విరిచి పట్టుకుని తన్నాడు. ఆమె కింద పడ్డాక అతని చూపు నా మీద పడింది. వెలిగి ఆరుతున్న నా దీపాలు అతనికి గుసగుసల్లా కనిపించి ఉండాలి. వైర్లు ఊడిపోయేలా నన్ను గోడ నుంచి పెరికి ముందుగదిలోకి విసిరాడు. రోకలి తెచ్చి బాదాడు. నా నడుము వంగింది. మాటలు అందించే శక్తి అక్కడితో పోయింది.

అతను నన్ను చంపే ఆ కాసేపట్లో రవళి పాకుతూ వెళ్లి లోపలి గది తలుపు గడియ పెట్టింది. నాలోంచి ఊడిన ఆమె వైరు అక్కడే వేలాడుతోంది. దాన్ని నేరుగా అదే గదిలోని ఇంటర్నెట్ పెట్టెలో గుచ్చింది. ఈసారి మధ్యలో ఎవరూ లేరు. పేజీ తెరుచుకుంది.

ఓదెలు రోకలితో తలుపు బాదుతూనే ఉన్నాడు. చెక్క చీలుతోంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య లోపల కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది, ఒక్క చేత్తో కొడుతున్న తడబాటు చప్పుడు.

పక్క క్వార్టర్ కొమురవ్వ నలుగురిని వెంటేసుకుని వచ్చింది. "ఏందిరో ఓదెలూ, ఆడిపిల్లను సావగొడ్తవా? థూ, నీ బతుకు పాడుగాను!" మగవాళ్లు అతన్ని నేలకు అదిమి పట్టారు. రవళి మాత్రం పరీక్ష పూర్తయ్యేదాకా తలుపు తీయలేదు. బయటికి వచ్చాక ఎవరివైపూ చూడకుండా కొమురవ్వ భుజం పట్టుకుని వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఆమె తల్లి బట్టల కోసం వచ్చింది. "నా బిడ్డకు నౌకరొచ్చింది. ఇగ నీ తోవ నీది" అని గుమ్మంలోనే చెప్పి పోయింది.

నేను చెత్తలోకి పోతాననుకున్నాను. ఓదెలు నన్ను తువ్వాలులో చుట్టి రిపేరు దుకాణానికి తీసుకుపోయాడు.

"దీంట్ల ఎవడెవడు మాట్లాడిండో బయటికి తియ్యాలె."

దుకాణదారు నన్ను అటూ ఇటూ తిప్పాడు. "అన్నా, ఇది మాటలు మోసుడే గాని యాదుంచుకోదే. ఏ వైరు ఏడుందో కూడ కొద్దిసేపటికి మర్చిపోతది."

"అబద్ధం. అందరు కలిసి దాస్తున్నరు."

"నీకు కావాల్సింది నా దగ్గర లేదే. డాక్టర్ దగ్గర ఉంటదేమో."

ఓదెలు అతని కాలర్ పట్టుకున్నాడు. జనం తోసేస్తే ఇంకో దుకాణానికి వెళ్లాడు, అక్కడి నుంచి మరో దుకాణానికి.

ఇప్పుడు నేను అతని ఇంట్లో, బల్ల మీద ఉన్నాను. నా మూత తీసేశాడు. పాత రౌటర్ గుమ్మం దగ్గర వెలుగుతూనే ఉంది. దాన్ని పీకాలని అతనికి తోచలేదు. ఒక చేత్తో ఫోన్ టార్చి, ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని, శ్వాస నాకు తగిలేంత దగ్గరగా వంగాడు. నా రంధ్రాలకు లోపల అద్దంలా మెరిసే రేకు తొడుగులు ఉంటాయి. వాటిలో ఒకదానిపై వెలుగు పడగానే అతని చెయ్యి ఆగింది. రేకులోంచి ఎర్రటి కన్ను ఒకటి, రెప్ప వేయకుండా, అతన్నే చూస్తోంది.

"దొరికినవ్ బిడ్డా" అని స్క్రూడ్రైవర్ ఎత్తాడు.