చిల్లుల కప్పు కింద సూర్యుడు

ఆ రోజు టీచరమ్మ కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మధ్యాహ్నం సూర్యగ్రహణం! చూడ్డానికి తరగతి మొత్తానికీ నల్ల కళ్ళద్దాలు తెస్తానని మాటిచ్చింది, జీతం రాగానే. ఆ జీతమేమో నెలల తరబడి ఇదిగో అదిగో అంటూనే ఉంది. సర్కారు బడి జీతం కదా, చేతిలో పడేదాకా వచ్చిందనుకోకూడదు!

పిల్లల మొహం ఎలా చూడాలా అని కుమిలిపోతుంటే, నిన్న తరగతి గది పైకప్పే దారి చూపించింది. తుప్పు పట్టిన రేకులకు బోలెడు చిల్లులు. ఒక్కో చిల్లులోంచి నేల మీద పడే గుండ్రటి వెలుగు అచ్చంగా సూర్యుడి బొమ్మే! గ్రహణం పట్టగానే ఆ బొమ్మా తరిగిపోతుంది. ఇక అద్దాలెందుకు? వానొస్తే తిట్టిపోసిన చిల్లులనే చూసి మురిసిపోయింది.

తీరా ఆవరణ అవతల పిల్లలకు భోజనాలు పెట్టించి వచ్చేసరికి కప్పు మీద రేకుల మేస్త్రీ! ఏళ్ళుగా మొరపెట్టుకున్నా రానివాడు ఇవాళే ఊడిపడ్డాడు. తారు పట్టీలతో చిల్లులన్నీ మూసేశాడు.

“అయ్యో అయ్యో! ఎంత పని చేశావు బాబూ!” టీచరమ్మ నిచ్చెన ఎక్కేసింది. “పీకెయ్, పట్టీలన్నీ పీకెయ్!”

“ఇదేం చోద్యం టీచరమ్మా? కురుస్తోందని అర్జీలు పెట్టింది మీరేగా!”

ఆమె గబగబా సంగతంతా చెప్పింది.

“బాగానే ఉంది. మళ్ళీ అతికించే కూలి ఎవరిస్తారు?”

“నేనిస్తా. జీతం రానీ.”

మేస్త్రీ పకపకా నవ్వాడు. “మీకూ రాలేదా! నా పాత బిల్లు ఇవ్వకనేగా నేనిన్నాళ్ళూ రానిది! వానలు దగ్గరపడ్డాయని ఇవాళ మనసాగక వచ్చా!” అంటూనే ఒక్కో పట్టీ పట్టుకుని బర్రుబర్రున లాగేశాడు.

గ్రహణం పట్టేసరికి కింద గదిలో పిల్లల కేకలు లేచాయి. “కొరికేశారు టీచర్, సూర్యుణ్ణి ఎవరో కొరికేశారు!” నేల మీద, పుస్తకాల మీద, చొక్కాల మీద అన్నీ నెలవంకలే. గడుగ్గాయని పేరు పడ్డ పిల్ల ఒక నెలవంకను అరచేతిలో పట్టుకుని కదలనంటే కదలనంది. నిచ్చెన దిగొచ్చిన టీచరమ్మ ఆనందం పట్టలేక పిల్లలతో పాటు గెంతింది.

మేస్త్రీ కూడా దిగొచ్చి నోరెళ్ళబెట్టాడు. “ఇన్నేళ్ళుగా చిల్లులు మూస్తున్నాను గానీ, ఒక్కసారైనా కిందికి దిగి చూశానా!”

గ్రహణం విడిచాక అతను మళ్ళీ పైకెక్కబోతే పిల్లలు చుట్టుముట్టారు. “ఒక్కటి ఉంచు మామా! ఒక్కటే!”

“సరే, కిటికీ పక్కది వదిలేస్తున్నా. టీచరమ్మా, మీ జీతం వచ్చిన రోజు కబురు పెట్టండి. అదీ మూసేసి నా కూలి పట్టుకెళ్తా.”

వానలు మొదలయ్యాయి. కిటికీ పక్కన బకెట్టు ఉంది. నిండినప్పుడల్లా గడుగ్గాయే పారబోసి వస్తోంది.