పురుటింట్లోకి వచ్చే సముద్రం

పొద్దున ఏడింటికల్లా మావిస్ చార్ల్‌టన్ పురుటింటి తలుపు తీసి, టీకి నీళ్ళు పెట్టి, కింది అరలో దుప్పట్లన్నీ పై అరలోకి సర్దేది. వెదర్‌నెస్ ఊళ్ళో అది రోజూ ఉండే పనే. ఎవరికైనా నొప్పులు మొదలైతే సముద్రం గుమ్మం కిందనుంచి లోపలికి వస్తుంది, మరి దుప్పట్లు తడవకూడదు కదా. మొదట మడమల దాకా వస్తుంది, కాన్పు దగ్గరపడే కొద్దీ మోకాళ్ళ దాకా. బిడ్డ పుట్టాక వచ్చిన దారినే మెల్లగా పోతుంది. పుట్టకముందే వెనక్కి మళ్ళిందంటే మాత్రం లోపల బిడ్డకి దారి దొరకట్లేదని అర్థం. వెంటనే అంబులెన్సు పిలవాలి. ఇరవై మైళ్ళ అవతలి పెద్దాసుపత్రి డాక్టర్లు కూడా ఫోనులో, నాడి ఎలా ఉందని అడిగినట్టే, "నీళ్ళెంత?" అని అడుగుతారు.

ఈ పురుటింట్లో డాక్టర్లుండరు. మంత్రసానులే, అందరూ చదువుకుని పట్టా పుచ్చుకున్నవాళ్ళు. ఆ ఏడాది పేపర్లవాళ్ళ కన్ను వాళ్ళ మీద పడింది. ఒక పేపరు, మామూలు కాన్పు పిచ్చితో తల్లుల ప్రాణాల మీదికి తెస్తున్నారని రాసింది. ఇంకో పేపరు, డాక్టర్ల కత్తి నుంచి ఆడవాళ్ళని కాపాడే దేవతలంది. రెండిట్లోనూ ఒకటే ఫోటో, ఎవరో గర్భిణి కిటికీ పక్కన పొట్ట నిమురుకుంటూ. మావిస్ రెండూ చదివి, రెండిటినీ తడి నేల మీద పరిచింది.

ఈ పురుటిల్లు ఉంచాలో మూయాలో తేల్చడానికి సర్కారు తరఫున లండన్ నుంచి ఆస్క్యూ అనే ఆవిడ వచ్చింది.

"ఎన్ని కాన్పులు ఇక్కడే అయ్యాయి, ఎన్నిటిని పెద్దాసుపత్రికి పంపారు?" అని అడిగింది, బూట్లలోంచి నీళ్ళు వంపేసుకుంటూ.

"పంపడం తప్పాండీ?" అంది మావిస్.

"నేననలేదు. ఎక్కువ పంపితే, ఇక మీరెందుకు అంటారు పేపర్లవాళ్ళు. తక్కువ పంపితే మొండికేశారంటారు."

"మరి మమ్మల్నేం చేయమంటారు?"

"ముందు నాకో పొడి మేజోళ్ళ జత ఇవ్వమంటాను" అందావిడ.

మావిస్‌కి ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో మామూలుగా పుట్టిన ప్రతి బిడ్డకీ గోడ మీద ఓ కాగితం చేప అంటించడం అలవాటు. ఆ ఏడాదివి తొంభైతొమ్మిదయ్యాయి. నూరోది అంటిస్తే ఫోటో తీయించి, ఈవిడ ముక్కు కింద పెట్టాలని మావిస్ పంతం. కేకు కూడా చేయించి పెట్టుకుంది.

గురువారం కెర్రీ రాబ్సన్ వచ్చింది, తొలి కాన్పు. కెర్రీకి బొడ్డు కోసింది కూడా మావిసే.

"నూరో చేప నాదే ఆంటీ. కేకులో పెద్దముక్క నాకే."

"ముందు ఊపిరి పీల్చు తల్లీ, కేకు ఎక్కడికీ పోదు."

పదింటికి నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. పదీ ఇరవైకి మావిస్ కాళ్ళ పక్కనుంచి ఏదో జారిపోతున్నట్టయింది. చూస్తే మడమలు బయటపడ్డాయి. కర్ర గొట్టం కెర్రీ పొట్టకి ఆనించి విన్నది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. పెరటి తలుపు ఎవరో సరిగ్గా వేయలేదేమో అనుకుంది. అది వేసే ఉంది. అప్పుడామె, నలభై ఏళ్ళ అనుభవమున్న మనిషి, నాలుగు తువ్వాళ్ళు చుట్టి గుమ్మం కింద కుక్కింది, నీళ్ళు పోకుండా.

"తువ్వాళ్ళెందుకు ఆంటీ?" అంది కెర్రీ, రెండు నొప్పుల మధ్య.

మావిస్ గడియారం చూసింది. పదీ ఇరవై ఎనిమిది. చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. తువ్వాళ్ళు పీకి అవతల పారేసి ఫోనందుకుంది.

సముద్రం ముందు, అంబులెన్సు వెనక. రోడ్డు మీద కార్లవాళ్ళు పక్కకి తప్పుకుని రెండిటికీ దారిచ్చారు. పెద్దాసుపత్రిలో నీళ్ళు మెట్లెక్కి, నడవా దాటి, ఆపరేషన్ గది తలుపు కింద దూరాయి. డాక్టరమ్మ ఇమ్రీ అప్పటికే చెప్పులు విప్పి ఉంది. కోసి తీస్తే, బిడ్డ మెడకి పేగు రెండు చుట్లు. ఆడపిల్ల. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఏడుపు. నీళ్ళు అందరి మోకాళ్ళ దాకా పొంగి, వచ్చిన దారినే మెల్లగా పోయాయి.

మధ్యాహ్నం నడవాలో ఇమ్రీ కాగితాలు రాస్తోంది. పక్కన ఆస్క్యూ, ఎదురుగా మావిస్.

"నీళ్ళు ఎప్పుడు మళ్ళాయి?" అంది ఇమ్రీ.

"పదీ ఇరవైకి."

"మాకు ఫోనొచ్చింది ఇరవై ఎనిమిదికి. ఆ మధ్యలో?"

గుండె వింటున్నానంటే సరిపోయేది. ఎవరూ మాటాడేవారు కాదు.

"గుమ్మం కింద తువ్వాళ్ళు కుక్కాను. నూరో చేప కోసం" అంది మావిస్.

ఇమ్రీ కలం ఆగింది. "ఇంకో ఎనిమిది నిమిషాలైతే బిడ్డ దక్కేది కాదు" అంది.

"ఇది రాస్తే రేపు ఆ పేపరు మిమ్మల్ని నమిలేస్తుంది" అంది ఆస్క్యూ మెల్లగా.

"ఏ పేపరు?"

"రెండూను."

"రాయండి. ఉన్నదున్నట్టు చెప్పకపోతే ఆ పేపర్లవాళ్ళకీ నాకూ తేడా ఏముంది?"

మావిస్ కెర్రీ గదిలోకెళ్ళింది. కెర్రీ కళ్ళు వాచి ఉన్నాయి. "నావల్ల కాలేదు కదా ఆంటీ" అంది.

"ఎవరు నేర్పారే నీకా మాట! నువ్వు బాగానే చేశావు. చేయనిది నేను." మంచం అంచున కూర్చుని తువ్వాళ్ళ సంగతంతా చెప్పింది, నిమిషాలతో సహా.

కెర్రీ మొహం గోడవైపు తిప్పుకుంది.

"పిల్లని ఎత్తుకో ఆంటీ" అంది అటు తిరిగే. "నాకు చేతులు లేవట్లేదు."