రంగు వదిలిన పిడి

భరద్వాజ్ కరోల్ బాగ్‌లో హోటళ్ల వంటవాళ్లకు కత్తులు అమ్ముతాడు. వాటికి పిడులు చేసేది ఊరి శివారు వైశాలిలో ఉండే వీణ. ఒకరోజు అతను నల్లటి చెక్క ముక్కలు తెచ్చి, లోపలిదాకా నల్లగా ఉండే ఖరీదైన ఆఫ్రికా ఎబొనీ అన్నాడు. ఇషిత అనే షెఫ్ తన కత్తికి అదే కావాలందట. చేతి కొలత ఇవ్వడానికి ఆమె అంతకుముందే వీణ ఇంటికి వచ్చి వెళ్లింది.

వీణ ఒక ముక్కను కోసింది. రంపానికి ఓ పట్టాన లొంగలేదు కానీ, లోపల తేనెరంగు కనిపించింది. స్పిరిట్‌లో తడిపిన దూదితో పైన తుడిస్తే దూది నల్లబడింది.

"ఇది ఎబొనీ కాదండీ. రంగేశారు."

"పైన పాలిష్ కొట్టేయండి మేడమ్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది కదా!"

"అయితే ఇక నా దగ్గర్నుంచి పని రాదు."

వీణకు ఒళ్లు మండింది. అతని ఎదుటే ఇషితకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఇషిత ఒకటే అడిగింది. "గట్టిగా ఉంటుందా దీదీ?"

"ఉంటుంది. ఏ చెట్టుదో మాత్రం చెప్పలేను."

"ఠీక్ హై. అదే చేసెయ్యండి."

భరద్వాజ్ కోసిన ముక్కను వదిలేసి, మిగతావి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

వీణ ఆ ముక్కను ఇషిత చేతి కొలతకు పిడిగా మలిచి, ఉప్పుకాగితంతో నలుపంతా పోయేదాకా రుద్దింది. అవిసె నూనె పట్టించగానే చెక్కలోని చారలు తేలాయి. పిడి అడుగున మొదటిసారి తన పేరు చెక్కుకుంది.