ముందర గుంత ఉంది!

నర్సమ్మ చేతిసంచిలో దూది, సూదుల డబ్బా, మాత్రల చీటీలు ఎప్పుడూ ఉండేవే. పదకొండు రోజులుగా వాటి అడుగున, జేబురుమాలులో చుట్టి, ఇంకొకటి కూడా ఉంది. ఆవిడ పేరు మీద వచ్చిన బండి లైసెన్సు.

ఆ సంగతి తెలిసింది ఆవిడ ఆడపడుచు ఒక్కదానికే. నాలుగు ఆదివారాలు స్కూలు మైదానంలో వదినకు మోటారుసైకిలు నేర్పింది ఆ మహాతల్లే. ఆ నాలుగు ఆదివారాలూ ఇంట్లో మాత్రం నర్సమ్మ పంటి డాక్టరు దగ్గరికని చెప్పి బయలుదేరింది. భర్త పాపం, పంటినొప్పి ఎంత బాధో అని, నెల రోజులపాటు కూరలన్నీ తనే గుజ్జు గుజ్జుగా ఉడికించి పెట్టాడు. ఆడిన అబద్ధానికి శిక్షగా ఆ గుజ్జంతా ఆవిడ నోరు మూసుకుని మింగింది.

"ఇక నువ్వే చెప్పుకో వదినా," అంది ఆడపడుచు. "నేను చెబితే అన్నయ్య నా వీపు విమానం మోత మోగిస్తాడు."

చెప్పడానికి ఎంతసేపు? కానీ ఎవరికి చెప్పాలో ఆ మనిషి సంగతి కూడా చూడాలి కదా.

ఆయన ప్రెస్సులో అచ్చు మిషను మీద పనిచేస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా రోజూ ఉదయం భార్యను ఆసుపత్రి గేటు దగ్గర దింపి, ఆ పక్కనే ఉన్న ప్రెస్సుకు పోతాడు. "మా ఆవిణ్ణి నేనే దింపుతా. ఎండైనా వానైనా ఒక్క పూట తప్పలేదు" అని ఎవరు అడిగినా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. ఇప్పుడు పద్నాలుగేళ్ళుగా ఎదురుచూసిన ఫోర్‌మన్ పదవి ఇంటి తలుపు తట్టింది. కాకపోతే ఫోర్‌మన్ అయినవాడు ఆరింటికల్లా ప్రెస్సులో ఉండాలి. ఆసుపత్రేమో తొమ్మిదింటికి.

"నిన్నెవరు దింపుతారు? నాకొద్దని సోమవారం చెప్పేస్తా," అని ఆయన తేల్చేశాడు.

"నేను బస్సులో పోతాలెండి."

"ఏ బస్సు? పదింటికొచ్చే ఆ బస్సా? నువ్వు వెళ్ళేసరికి రోగులకు వాటంతటవే తగ్గిపోతాయి."

'నాకు బండి వచ్చు' అనే మూడు ముక్కలతో ఆ చిక్కు తీరిపోతుంది. కానీ ఆ మూడు ముక్కలూ ఆయన పద్దెనిమిదేళ్ళ గొప్పను ఒక్క తోపుతో కింద పడేస్తాయి. అందుకే నర్సమ్మ చల్లకొచ్చి ముంత దాచినట్టు సంచిని చంకలో బిగించుకుని తిరుగుతోంది. ఇంతలో వాళ్ళ పాత బండి కాస్తా నడివీధిలో కన్ను మూసింది. ఆదివారం, షోరూము వాళ్ళు కొత్త బళ్ళన్నీ బయట పెట్టి 'రండి, ఎక్కండి, నడిపి చూడండి' అని గేటుకు బ్యానరు కట్టారు. ఇద్దరూ అక్కడికి వెళ్ళారు. మర్నాడే సోమవారం.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ పద్దెనిమిదేళ్ళూ బండిని నడిపింది ఆయనొక్కడే కాదు. హ్యాండిలు మీద చేతులు ఆయనవైతే, రోడ్డు మీద కళ్ళు ఆవిడవి. వెనక కూర్చుని "గుంత... ఎడమ... కుక్క... ఇంకో కుక్క... ఆగండి" అని ఆవిడ చెబుతూ ఉంటే, ఆయన ప్రెస్సు కబుర్లు చెబుతూ చేతులు తిప్పేవాడు. ఈ ఏర్పాటు ఎంత సాఫీగా సాగిందంటే, అలాంటి ఏర్పాటు ఒకటుందని ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఆవిడ దిగాక ఆసుపత్రి గేటు నుంచి ప్రెస్సు గేటుకు ఉన్న నూటయాభై అడుగులూ ఆయన బండిని తోసుకుంటూ వెళ్ళేవాడు. అడిగితే పెట్రోలు ఆదా అనేవాడు.

షోరూములో మెడకు ఎర్ర టై బిగించుకున్న అమ్మకాల ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు. నియమం చెప్పాడు: వచ్చినవాళ్ళు ముందు కూర్చుని నడపాలి, వెనక తను కూర్చుంటాడు, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి రావాలి.

"మరి మా ఆవిడ?"

"మేడం కుర్చీలో కూర్చుంటారు సార్. చల్లటి నీళ్ళిస్తాం."

మొదటి బండి గుర్రమంత ఎత్తు. ఆయన ఎక్కితే నేలకు కాలి బొటనవేలు మాత్రమే ఆనింది. బండి కదిలి గేటు దాటింది. దాటగానే ఆయనకు ఏదో వెలితిగా అనిపించింది. అదేమిటో ఆయనకు తెలియలేదు గాని, కుర్చీలో ఉన్న నర్సమ్మకు తెలిసిపోయింది. ఆవిడ నీళ్ళ గ్లాసు వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తింది.

"ఏవండీ! గుంత! ముందర గుంత ఉంది!"

బండి చక్కగా పక్కకు తప్పుకుంది.

"కుడి పక్క తోపుడుబండి!"

బండి ఎడమకు జరిగింది. ఆవిడ గొంతు అందినంత మేరా బండి పాములా చక్కగా సాగింది. అందని చోట మాత్రం నిలువునా ఆగిపోయింది. కాసేపటికి ఆయనా, టై ఆయనా దాన్ని చెరో పక్క పట్టుకుని తోసుకుంటూ వచ్చారు.

"బండి మరీ ఎత్తయ్యా," అన్నాడు ఆయన. "దాని మీదెక్కితే రోడ్డు కనబడదు, ఊరు కనబడుతుంది."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అక్కడి నుంచి తప్పంతా బళ్ళదే అయింది. రెండోది పొడుగ్గా, కిందికి, కాళ్ళు బారజాపుకుని నడిపేది. ఈసారి నర్సమ్మ టై ఆయన్ను పక్కకు పిలిచి, ముందేముందో చెబుతూ ఉండమని రహస్యంగా బతిమాలింది. అమ్మకాల మనిషి కదా, ఆయనకు మర్యాద ఎక్కువ.

"సార్, మీరు అన్యథా అనుకోనంటే, ఒక చిన్న మనవి. మనకు కొంచెం ముందుగా, కుడిచేతి వైపున ఒక..."

దభీమని బండి గుంతలో పడి లేచింది.

"...గుంత ఉంది సార్."

ట్యాంకు చుట్టూ ఉన్న ఏడు గుంతల్లో ఒక్కటి కూడా మిగలకుండా ఆ మర్యాద వాళ్ళను అన్నిట్లోకీ దింపింది. తిరిగొచ్చేసరికి టై ఆయన టై వీపు మీదికి పోయింది. నడుము పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"ఈసారి వెనక మేడం కూర్చుంటారు," అన్నాడు నీరసంగా. "నియమానిదేముంది సార్, నిన్ననే పెట్టుకున్నాం."

మూలన నీలం రంగు బండి ఒకటి ఉంది. చిన్నది, తేలికది, మైదానంలో నేర్చుకున్నదానికి అక్కచెల్లెల్లా ఉంది. నర్సమ్మ దాని వంక చూసింది. గొంతు సవరించుకుంది. "ఏవండీ, నాదొక మాట..."

"ఆ చిన్నది మనిద్దరికీ చాలదే. ఇదిగో, దీన్నెక్కు."

నర్సమ్మ సంచిని చంకలో బిగించుకుని ఎక్కింది.

మూడోది పందెం బండి. ముందున్నవాడు సాష్టాంగపడి నడపాలి, వెనకున్నవాళ్ళు అటక మీద కూర్చోవాలి. అంతవరకు ఫరవాలేదు. షోరూము వాళ్ళు ఇద్దరి తలలకూ గుమ్మడికాయలంత హెల్మెట్లు బిగించారు. బయలుదేరాక గాని ఆయనకు ఆవిడ మాట వినబడటం లేదని ఆవిడకు తెలియలేదు.

"గుంత!" అంది.

"ఆఁ, బండి బాగానే ఉంది!" అన్నాడు.

దెబ్బకు ఇద్దరూ ఎగిరిపడ్డారు. ఇక లాభం లేదని ఆవిడ భుజం తట్టడం మొదలుపెట్టింది. ఎడమ భుజం తడితే ఎడమకు, కుడి భుజం తడితే కుడికి. ఆయన ఇట్టే గ్రహించాడు. ట్యాంకు మలుపు అందంగా తిరిగారు. పద్దెనిమిదేళ్ళ కాపురం ఊరికే పోదు.

సరిగ్గా అప్పుడు నర్సమ్మకు హెల్మెట్ లోపల తుమ్ము వచ్చింది. తుమ్ముకు ముందు మనిషి దొరికినదాన్ని పట్టుకుంటాడు. ఆవిడకు దొరికింది ఆయన ఎడమ భుజం. గట్టిగా పట్టుకుంది.

ఆయన ఎడమకు తిప్పాడు. ఎడమ పక్కన వీధి లేదు. బళ్ళు కడిగే షెడ్డు ఉంది.

సబ్బు నురగ, రెండు గొట్టాల్లోంచి చిమ్ముతున్న నీళ్ళు, వాటిని పట్టుకుని నోరు తెరిచి చూస్తున్న షెడ్డు యజమానురాలు. బండి నురగ మధ్యకు వెళ్ళి బుద్ధిగా ఆగింది. ఆయనకు దెబ్బేమీ తగల్లేదు. "చూశావా, ఎలా ఆపానో!" అంటూ దర్జాగా దిగాడు. సబ్బు మీద కాలు పెట్టాడు. కూర్చుండిపోయాడు.

"బండి కడగాలంటే దిగి చెప్తే సరిపోద్ది కదయ్యా, మనుషుల్ని కూడా తీసుకురావాలా?" అంది యజమానురాలు. హెల్మెట్ తీసిన ఆవిణ్ణి చూసి, "అయ్యో, మా ఇంజెక్షను నర్సమ్మా!" అని గొట్టం కట్టేసింది.

నర్సమ్మ అప్పటికే ఆయన పాదం ఒళ్ళో పెట్టుకుని నొక్కి చూస్తోంది. "విరగలేదు, బెణికింది. వారం రోజులు దీంతో గేరు తొక్కకూడదు."

"మరి బండి? మనల్ని ఎవరు తీసుకెళతారు? ఫోన్లు సంచిలో తడిసి చచ్చినట్టున్నాయి." ఆయన నీళ్ళోడుతున్న జుట్టు వెనక్కి తోసుకున్నాడు. మొహం చిన్నబోయింది. "రేపు ఉదయం నిన్నెవరు దింపుతారే?"

కాలు బెణికి, సబ్బు నీళ్ళలో కూర్చుని, ఆయన అడిగింది అదీ.

నర్సమ్మ సంచి తెరిచింది. దూది తీసింది, సూదుల డబ్బా తీసింది, అడుగు నుంచి జేబురుమాలు తీసి విప్పింది. తేలు కుట్టిన దొంగలా ఎటో చూస్తూ కార్డును ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఎవరిది? అచ్చం నీలాగే ఉంది."

"నేనే."

"నీ పేరే ఉంది."

"నా పేరే ఉంటుందండీ మరి."

"ఎవరు నేర్పారు?"

"మీ చెల్లెలు. ఆదివారాలు. స్కూలు మైదానంలో."

"ఆదివారాలు నువ్వు పంటి డాక్టరు దగ్గరికి..." ఆయన కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. "అంటే నీకు పన్ను నొప్పి లేదా?"

"లేదు."

"ఎప్పుడూ లేదా?"

"మీరు బాధపడతారని చెప్పలేదు. నన్ను దింపడం మీకు..."

"దింపడం సంగతి తర్వాత! నెల రోజులు గుజ్జు వండానే! నువ్వు తినలేవు గదా అని నేను కూడా అదే తిన్నాను! నువ్వు తినలేని కరకరలాడేవి నేను నమలడం పాపమని, ప్రెస్సులో వేయించిన పల్లీలిస్తే వద్దన్నాను!"

నర్సమ్మకు ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ మొదలుపెట్టింది. షెడ్డు యజమానురాలు మాత్రం ఏ సందేహం లేకుండా నవ్వింది.

ఆయన కార్డును ఇంకోసారి చూశాడు. తడి చొక్కాకు తుడిచాడు. ఇంకా తడిసింది. "నిన్ను ఆవిడ చేతిలో పెట్టారంటే పరీక్ష పెట్టే ఉంటారు కదా," అన్నాడు, కార్డుతో అన్నట్టుగా.

"మొదటిసారే పాసయ్యాను."

"నాకు మూడుసార్లు పట్టింది," అన్నాడు ఆయన. ఈ సంగతి పద్దెనిమిదేళ్ళలో ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.

యజమానురాలు, ఆవిడా కలిసి ఆయన్ను వెనక అటక మీదికి ఎక్కించారు. నర్సమ్మ ముందు కూర్చుంది. హెల్మెట్లు రెండూ ఆయన ఒళ్ళో పెడితే, "నియమం నియమమే," అని ఆయన వాటి లోపలి నీళ్ళు ఒంపి ఇద్దరికీ తగిలించాడు. బండి కదిలింది. గుంతలు వచ్చాయి, పోయాయి. ఇన్నేళ్ళూ వాటిని చూస్తున్నది ఆవిడే కదా. ట్యాంకు దాటాక ఎడమ భుజం మీద ఒక తట్టు పడింది.

ఏమిటా అని పక్కకు ఆపింది.

"ఏమీ లేదు. ఇందాక ఒక గుంత దాటాం. చెబుదామని."

షోరూములో టై ఆయన తడిసిన బండినీ మనుషులనూ చూసి ఏమీ అడగలేదు. ఏ బండి నచ్చిందని మాత్రం అడిగాడు. మామూలుగా అయితే భర్తే చెప్పేవాడు. ఇప్పుడాయన భార్య వంక చూశాడు. ఆవిడ మూలనున్న నీలం బండిని చూపించింది.

"అది నాకు చిన్నదవుతుందేమోనే."

"మీరు కూర్చునేది వెనకే కదండీ."

"అవును కదూ. అయితే సరిపోతుంది."

సోమవారం ఉదయం ఆరింటికి ఇంకా పది నిమిషాలుంది. నీలం బండి వీధుల్లోంచి వచ్చి చక్కగా ఆగింది. ఆగింది ఆసుపత్రి గేటు ముందు. గేటుకు తాళం వేసి ఉంది.

"ఇక్కడెందుకు ఆపావు?" అన్నాడు కాబోయే ఫోర్‌మన్.

"అలవాటండీ. పట్టుకోండి, ప్రెస్సు దాకా పోదాం."

"వద్దులే. నూటయాభై అడుగులే కదా. రోజూ నడిచేదే." ఆయన కుంటుతూ దిగాడు. ప్రెస్సు కాపలా మనిషి దూరం నుంచి చూస్తున్నాడని గమనించి గొంతు పెంచాడు. "మా ఆవిడే దింపుతుంది! ఎండైనా వానైనా!"

నర్సమ్మ బండి తిప్పింది. ఇంటికి వెళ్ళి, మళ్ళీ తొమ్మిదింటికి ఒక్కతే రావాలి. నాలుగు గజాలు పోయిందో లేదో వెనక నుంచి కేక వినబడింది.

"ఏమేయ్! గుంత! ముందర గుంత ఉంది!"

ఆవిడ అప్పటికే దాన్ని తప్పించింది. అయినా చెయ్యెత్తి ఊపింది. మలుపు తిరిగే దాకా ఆ గొంతు వినబడుతూనే ఉంది, కుక్క అనీ, ఇంకో కుక్క అనీ. ఆ వీధిలో ఆ పూట ఉన్నది మాత్రం ఒకటే కుక్క.